కారణం చెప్పని కోడలు

కందుకూరు నుంచి మీరు అడిగిన ప్రశ్నను మిగతావాళ్ళ కోసం కాస్త కుదించి చెబుతాను. కొరియా రచయిత్రి హాన్ కాంగ్ నవల ‘ద వెజిటేరియన్’ చదివారు. కలొచ్చిందని చెప్పి ఉన్నట్టుండి మాంసం మానేసిన యోంగ్-హే అనే ఇల్లాలి కథ అది. చివరి భాగం అయ్యాక అన్నం సయించలేదు. “ఆమెది పిచ్చా, తిరుగుబాటా? అందరూ ఆమెను ధీరురాలంటున్నారు. నాకేమో జాలి కన్నా కోపమే ఎక్కువొచ్చింది, అందులోనూ వాళ్ళ అక్కను చూశాక. నేను సరిగ్గా చదవలేదా? మా అక్కకు ఈ పుస్తకం ఇవ్వొచ్చా?” అని అడిగారు.

నేను కావలిలోనూ నెల్లూరులోనూ డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కొంతమందిమి కలిసి పుస్తకాలు చదువుకుని మాట్లాడుకుంటాం. ఈ నవల తీసుకున్న రోజు జరిగినంత గొడవ మా దగ్గర ఇంకే పుస్తకానికీ జరగలేదు. కథంతా చెప్పకుండా మీ ప్రశ్నకు జవాబు ఇవ్వలేను, కాబట్టి ఇంకా చదవనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

ముందు మీ కోపం సంగతి. మీరు సరిగ్గానే చదివారమ్మా. ఈ నవలలో యోంగ్-హే పక్షాన నిలబడి కథ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మొదటి భాగం భర్త చెబుతాడు. రెండో భాగం అక్క మొగుడి వెంట నడుస్తుంది. మూడోది అక్క ఇన్-హే మనసులోంచి సాగుతుంది. యోంగ్-హే సొంత గొంతు మనకు వినపడేది మొదటి భాగంలో అక్కడక్కడా వచ్చే కలల ముక్కల్లోనే. అందరూ ఆమెను చూస్తుంటారు, ఆమె మాత్రం ఎవరికీ ఏమీ విప్పి చెప్పదు. కాబట్టి చదివేవాళ్ళు మొగుడి కళ్ళతోనో, బావ కళ్ళతోనో, అక్క కళ్ళతోనో చూడాల్సిందే. మీరు అక్క కళ్ళతో చూశారు. ఆ ముగ్గురిలో కాస్తో కూస్తో నిజాయితీ ఉన్న మనిషి ఆవిడే.

మా దగ్గర చర్చ మొదలవగానే రొయ్యల వ్యాపారం చేసే ఒక పెద్దాయన, “మాంసం మానేస్తే మంచిదే కదమ్మా, దానికి ఇంత రాద్ధాంతం ఏంది?” అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు మొత్తం మీద అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకోటి రాలేదనిపించింది. మన దగ్గర మాంసం మానేయడం గౌరవం పెంచే పని. శనివారం ముట్టనివాళ్ళు, కార్తీకం నెలంతా ముట్టనివాళ్ళు, అయ్యప్ప మాల వేసుకుని మండలం పాటు నియమంగా ఉండేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. చేపల పులుసుకు పేరుపడ్డ ఊళ్ళోనే వాళ్ళకోసం ఇంట్లో గిన్నెలు కూడా వేరు చేస్తారు. పైగా మన కులాల వరసలో తిననివాళ్ళు పైన కూర్చున్నారు కాబట్టి, మానేసినవాణ్ణి ఒక మెట్టు ఎక్కినట్టే చూస్తారు. కొరియాలో ఆ లెక్క లేదు. అక్కడ ఇంట్లో అయినా ఆఫీసు విందులో అయినా ఒకే బల్ల మీద అందరూ తినేది తినడమే కలిసి ఉండటం. భర్త పై అధికారి విందులో యోంగ్-హే మాంసం తగిలిన వంటకాలేవీ ముట్టకుండా కూర్చుంటే, అక్కడున్న ఆడవాళ్ళు మాంసాహారం గురించి మర్యాదగా మాట్లాడుతూనే ఆమెను వెలివేస్తారు. భర్తకు చెమటలు పడతాయి. ఆమె ఆరోగ్యం గురించి కాదు, తన ప్రమోషన్ గురించి టెన్షన్.

అందుకే నెల్లూరు, ఒంగోలు పాఠకులకు నేను చెప్పేదేంటంటే, ఆ నవలలో మాంసం అన్నచోట మనకు అంత బరువున్న ఇంకో వస్తువు పెట్టుకుని చదవాలి. ఒక ఇంటి కోడలు తెల్లారుజామున లేచి కాలి మెట్టెలు తీసి కిటికీలో పెట్టేసిందనుకోండి. మొగుడితో గొడవ లేదు. మతం మారలేదు. ఎవరి ఉపన్యాసమూ వినలేదు. ఇంటి పనులన్నీ ఎప్పటిలాగే చేస్తోంది. ఎందుకు తీశావంటే “కలొచ్చింది” అంటుంది, అంతకు మించి ఒక్క మాట చెప్పదు. ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? మొదటి రోజు అత్తగారు, “ఏంది తల్లీ, కాలికి పుండేమన్నా అయిందా?” అని తనే ఒక కారణం అందిస్తుంది. కోడలు ఆ కారణం అందుకుంటే గొడవ అక్కడితో సరి. అందుకోకపోతే వారం తిరిగేసరికి పుట్టింటివాళ్ళు దిగుతారు. “అట్టా మొండికేస్తే ఎట్టా? నలుగురూ ఏమనుకుంటారు?” అని మొదలై, గాలి సోకిందేమోనని కసుమూరు దర్గా దాకా, ఆ తర్వాత డాక్టరు దాకా వెళ్తుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరికీ కావలసింది ఒక కారణం.

ఈ నవలలో నన్ను బాగా కుదిపింది ఇదే. మన సమాజం కట్టుబాట్లు దాటేవాళ్ళను అసలు ఒప్పుకోదని అంటుంటారు గానీ అది సగం నిజం. బడి ఎగ్గొట్టిన పిల్లవాడి లీవు చీటీ లాంటిది చేతిలో ఉంటే మన సమాజం చాలా వాటిని ఒప్పుకుంటుంది. ఆ చీటీ మీద దేవుడి సంతకం ఉంటే మరీ మంచిది. కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవి 12వ శతాబ్దంలో మొగుణ్ణీ రాజభోగాన్నీ బట్టల్నీ కూడా వదిలేసి, జుట్టే కప్పుకుని శ్రీశైలం చేరింది. మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే మనవాళ్ళు ఈనాటికీ ఆమె పేరున్న గుహలు చూసి దండం పెట్టుకుని వస్తారు. ఆమె తన మొగుడు చెన్నమల్లికార్జునుడని, అంటే ఆ శివుడేనని చెప్పింది. ఆ ఒక్క మాటతో చీటీ దొరికింది. నెల్లూరు పక్కనే గొలగమూడి ఉంది. అక్కడి వెంకయ్యస్వామిని వయసులో ఉన్నప్పుడు, ఊళ్ళూ అడవులూ పట్టి తిరిగే రోజుల్లో, జనం పిచ్చి వెంకయ్య అన్నారని ఆయన చరిత్ర చెప్పే భక్తులే చెబుతారు. 1982లో ఆయన సమాధి అయ్యారు. ఇప్పుడు అక్కడ నిద్ర చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేనూ వెళ్ళాను, అగౌరవంగా చెప్పడం లేదు. ఒక మనిషి తిండి మీదా గుడ్డ మీదా ధ్యాస లేకుండా తిరిగితే పిచ్చి అనాలా, అవధూత అనాలా అన్నది చుట్టూ ఉన్నవాళ్ళు తేల్చుకోవడానికి ఏళ్ళు పడుతుందని మనకు ఇక్కడే కళ్ళముందు సాక్ష్యం ఉందని మాత్రం అంటున్నాను. ఆడమనిషికి ఆ ఏళ్ళు ఇస్తారా అన్నది వేరే ప్రశ్న.

రెండో రకం చీటీ గుంపుది. అది కూడా మన జిల్లాలోనే ఉంది. కలిగిరి దగ్గర దూబగుంటలో 1990ల మొదట్లో, రాత్రి అక్షరాస్యత తరగతులకు వచ్చే ఆడవాళ్ళు రోశమ్మతో కలిసి సారా వద్దన్నారు. కూలి డబ్బంతా సారా కొట్టుకు పోతుంటే ఇంట్లో పొయ్యి వెలగడం లేదన్నది వాళ్ళ కారణం. కాదనడానికి ఎవరికీ నోరు రాని కారణం. ఆ కథ అక్షరాస్యత పుస్తకంలో పాఠమై మిగతా ఊళ్ళకు పాకింది. సారా వేలంపాటలు ఆగాయి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. వాళ్ళు మొగుళ్ళకు ఎదురుతిరిగారు, కాంట్రాక్టర్లకు ఎదురుతిరిగారు. అయినా ఊరు వాళ్ళను పిచ్చివాళ్ళనలేదు. ఎందుకంటే వాళ్ళు ‘మా పిల్లలకు అన్నం’ అన్నారు.

యోంగ్-హే దగ్గర ఈ రెండూ లేవు. దేవుడు లేడు, తోడు లేదు, ఆరోగ్యం కోసం అని కూడా అనదు. ఆమె చెప్పే ఏకైక మాట కల గురించే. మొగుడు దాన్ని సగం విని వదిలేస్తాడు. అతను ఆమెను పెళ్ళి చేసుకున్నదే ఆమెలో చెప్పుకోదగ్గ విషయం ఏమీ లేదని, తనకు ఏ ఇబ్బందీ పెట్టదని. నవల మొదట్లోనే అతను ఈ మాట సిగ్గులేకుండా చెప్పుకుంటాడు. తర్వాత తాగొచ్చి ఆమె మీద బలాత్కారం చేసి, దాన్ని కూడా మామూలు దాంపత్యంలాగే చెప్పుకుపోతాడు. ఆ పేజీల దగ్గర చాలామంది మగవాళ్ళు గబగబా తిప్పేస్తారు. మా దగ్గరా అంతే, ఆ భాగం గురించి మాట్లాడినవాళ్ళందరూ ఆడవాళ్ళే.

మీకు అన్నం సయించకపోవడానికి అసలు కారణం భోజనాల బల్ల దగ్గరి సన్నివేశం అయ్యుంటుందని నా అనుమానం. అక్క కొత్త అపార్ట్‌మెంటులో కుటుంబమంతా కలుస్తారు. తల్లి బతిమాలుతుంది, అక్క బతిమాలుతుంది. చివరికి తండ్రి చెంపదెబ్బ కొట్టి, మిగతావాళ్ళ చేత చేతులు పట్టించి, పంది మాంసం ముక్క ఆమె నోట్లో కుక్కబోతాడు. ఆమె కత్తి తీసుకుని తనను తాను గాయపరచుకుంటుంది. మనకు ఇది మరీ దగ్గరగా తగలడానికి కారణం ఉంది. మన ఇళ్ళలో ప్రేమంతా విస్తట్లోనే కనపడుతుంది. “నా మీద ఒట్టు, ఈ ఒక్క ముద్ద” అంటూ కొసరి కొసరి వడ్డించని పెళ్ళి భోజనం ఉంటుందా? వద్దన్నా వెయ్యడమే ఆప్యాయత. వద్దన్న మాట నిజంగా వద్దనే అయితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మనకు తెలియదు. ఆ తల్లి బతిమాలడానికీ ఆ తండ్రి కొట్టడానికీ మధ్య ఎంత దూరం ఉందో కొలవమని నవల అడుగుతుంది. నాకు ఆ దూరం తక్కువగానే కనిపించింది. మీకు ఎక్కువగా కనిపిస్తే వాదించడానికి నేను సిద్ధం.

ఆ తండ్రి గురించి ఒక్క వివరం గుర్తుపెట్టుకోండి. అతను వియత్నాం యుద్ధంలో పోరాడినవాడు, అక్కడ మనుషుల్ని చంపానని గొప్పగా చెప్పుకునేవాడు. 1960లు, 70లలో దక్షిణ కొరియా 3 లక్షలకు పైగా సైనికుల్ని అమెరికా తరఫున ఆ యుద్ధానికి పంపింది. అలా వెళ్ళొచ్చినవాడు ఇంట్లో చిన్న కూతుర్ని పెళ్ళీడు దాకా కొడుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు ఆమెను కరిచిన కుక్కను బండికి కట్టి చచ్చేదాకా ఈడ్చాడు. ఆ కుక్కను వండిన కూర ఆమె కూడా తింది. ఆ కలల్లో రక్తం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఈ పేజీ చూపిస్తాను. హాన్ కాంగ్ 1970లో గ్వాంగ్జూలో పుట్టింది. వాళ్ళ కుటుంబం సియోల్‌కు మారిన కొద్ది నెలలకే, 1980 మేలో, గ్వాంగ్జూలో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ఆ చనిపోయినవాళ్ళ ఫొటోల పుస్తకం చిన్నప్పుడు ఇంట్లో రహస్యంగా చూశానని ఆమె చెప్పింది. మనుషులు మొక్కలు కావాలన్న అర్థంలో యీ సాంగ్ అనే పాత కొరియా కవి రాసిన మాట తనను వెంటాడిందని కూడా చెప్పింది. జపాన్ ఏలుబడిలో బతికిన కవి ఆయన. ఇవన్నీ తెలిశాక, యోంగ్-హే చెట్టు కావాలనుకోవడం వింత కోరికలా కాకుండా, ఎవరినీ చంపకుండా బతకడానికి దారి వెతుక్కోవడంలా కనిపిస్తుంది. ఆ దారి మనిషి ఒంటికి సరిపడదు. అక్కడే ఆమె చితికిపోతుంది.

ఇక పిచ్చా తిరుగుబాటా అన్న ప్రశ్న. ఆమెకు జబ్బు ఉంది. మూడో భాగంలో మానసిక ఆసుపత్రి, తిండి మానేయడం, ముక్కులోంచి గొట్టం వేసి జావ ఎక్కించబోవడం, రక్తం కక్కడం, ఇవన్నీ చదివాక దాన్ని ధీరత్వం అంటూ పొగిడేవాళ్ళను చూస్తే నాకూ చిరాకే. ప్రాణం పోతున్న మనిషిని జెండాగా పట్టుకుని ఊపకూడదు. కానీ జబ్బు అని పేరు పెట్టగానే ఆ తండ్రి చెయ్యి, ఆ మొగుడి రాత్రులు లెక్కలోంచి కొట్టేయడం కూడా కుదరదు. జబ్బు చేసిన మనిషి చెప్పేదాంట్లోనూ నిజం ఉండొచ్చు. నవల ఈ రెండింటినీ విడదీయనివ్వదు. మీరూ విడదీయకండి. పరీక్షలో రాయాల్సిన జవాబు కాదు కదా.

రెండో భాగం గురించి ఎక్కువ చెప్పను. బావ వీడియోలు తీసే కళాకారుడు. మరదలి ఒంటి మీద పువ్వులు గీసి చిత్రీకరిస్తాడు, అది ఎక్కడ తేలుతుందో చదివారు. అతణ్ణి కళ కోసం తపించినవాడిగా చూసే పాఠకులు ఉన్నారు. తనకు కావలసింది మరదలి దగ్గర తీసుకున్నవాడిగానే నాకు కనిపించాడు. మొగుడు కసురుకుంటూ తీసుకున్నాడు, ఇతను కళ పేరు చెప్పి తీసుకున్నాడు.

మీరు కోపగించుకున్న మూడో భాగం దగ్గర మా చర్చలో ఒక గృహిణి అడిగిన ప్రశ్న చెబుతాను. “అందరూ ఆమె చెట్టయిందా లేదా అంటున్నారు. మరి ఇన్-హే ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంటే ఆ పిల్లవాడికి అన్నం ఎవరు పెట్టారు?” అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇన్-హే కాస్మెటిక్స్ కొట్టు నడుపుతుంది, మొగుడు చేసినదాన్ని దిగమింగుతుంది, కొడుకును పెంచుతుంది, పుట్టింటివాళ్ళందరూ వదిలేసిన చెల్లెలి ఫీజులు కడుతుంది. చెల్లెలు తిండి మానేయగలిగింది అంటే ఆ ఖర్చు ఎవరో ఒకరు మోస్తున్నారు. మీ కోపం అక్కడి నుంచి వచ్చింది. అందులో న్యాయం ఉంది. పెద్దకూతురుగా పుట్టి, ఇంటిని మోయడం అలవాటైన ప్రతి ఆడమనిషికీ ఆ కోపం వస్తుందని నా అనుభవం.

అయితే రచయిత్రి మనల్ని ఆ కోపం దగ్గర ఆగనివ్వదు. ఇన్-హే వెనక్కి తిరిగి చూసుకుంటుంది. చిన్నప్పుడు తండ్రి దెబ్బలన్నీ చెల్లికే ఎందుకు పడ్డాయి? తాను వంట చేసి పెట్టే బుద్ధిమంతురాలు కాబట్టి తనను వదిలేశాడు. ఆ మంచితనం స్వభావం కాదనీ, తప్పించుకునే ఉపాయమనీ ఆమెకు ఇన్నేళ్ళ తర్వాత తడుతుంది. తాను కూడా ఒక తెల్లారుజామున పిల్లవాణ్ణి వదిలి కొండవైపు నడిచి వెళ్ళి, తిరిగొచ్చిన సంగతి గుర్తొస్తుంది. చెల్లెలు దాటిన గీత దగ్గరకు తనూ వెళ్ళింది, కొడుకు ఉన్నాడు కాబట్టి వెనక్కి వచ్చింది. అందుకే ఆమెకు చెల్లెలి మీద వచ్చే కోపంలో ఈర్ష్య కూడా ఉంది. మీ కోపంలో అది ఉందా లేదా అని నేను అడగను. ఒంటరిగా ఉన్నప్పుడు మీరే చూసుకోండి.

మన సాహిత్యంలో దీనికి దగ్గరగా ఏముందని మీరు అడగలేదు, అయినా చెబుతాను. కట్టుబాటు దాటిన ఆడమనిషి అనగానే అందరూ చలం ‘మైదానం’లోని రాజేశ్వరినే చూపిస్తారు. 1920ల చివర్లో వచ్చిన ఆ నవలలో రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. కానీ ఆమె మాట్లాడుతుంది. తన కథ తనే చెబుతుంది, వాదిస్తుంది, మనల్ని నిలదీస్తుంది. తిట్టుకున్నా సరే ఆమెకు ఏం కావాలో మనకు తెలుసు. యోంగ్-హేకు ఏం కావాలో తెలియదు, ఏం వద్దో మాత్రమే తెలుసు. కావాలన్న మనిషితో పోట్లాడొచ్చు, రాజీ పడొచ్చు. వద్దు అని ఊరుకున్న మనిషితో ఏం చెయ్యాలి? రాజేశ్వరిని తిట్టినవాళ్ళు రాత్రికి నిద్రపోయారు. ఈ నవల అలా పోనివ్వకపోవడానికి కారణం ఇదేననుకుంటాను.

బుకర్, నోబెల్, ఇవన్నీ నన్నడిగితే పెద్ద విషయాలు కావు. 2007లో కొరియాలో వచ్చిన పుస్తకం ఇది. డెబోరా స్మిత్ ఇంగ్లీషు అనువాదానికి 2016లో అంతర్జాతీయ బుకర్ వచ్చింది, రచయిత్రికి 2024లో నోబెల్ వచ్చింది. దాంతో మన కందుకూరు దాకా చేరింది. బహుమతి వచ్చింది కాబట్టి నచ్చాలన్న రూలేమీ లేదు.

ఇక మీ అక్కకు ఇవ్వొచ్చా అన్నది. ఆమె ఇప్పుడు ఎలా ఉందో మీకే తెలుసు. తిండి, నిద్ర సరిగ్గా లేకపోయినా, పెళ్ళిలో దెబ్బలో బలవంతమో ఉన్నా, బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా నోటివెంట వచ్చినా ఇప్పుడు ఇవ్వకండి. అలాంటప్పుడు పుస్తకం కన్నా ముందు ఆమె దగ్గరకు వెళ్ళి కూర్చోండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీకే ఇంకో వారం దాకా అన్నం సయించకపోతే మీరు చేసినా తప్పులేదు. అవేమీ లేకపోతే ఇవ్వండి. భోజనాల సీను, ఆసుపత్రి సీను ఉన్నాయని ముందే చెప్పి ఇవ్వండి. ఎలా ఉందని వెంటనే అడగకండి. ఆమె మూడో భాగం పూర్తి చేశాక ఫోన్ చేస్తే, మీ కోపం సంగతి ముందు చెప్పకుండా ఆమెకు ఎవరి మీద కోపం వచ్చిందో అడగండి. వీలైతే ఇక్కడ రాయండి, మా గుంపులో వాళ్ళకు కూడా చదివి వినిపిస్తాను.